‘తెలియదు’ అన్నదెవరు?

కంగారూ అనే మాట పుట్టుక గురించి ఒక కథ ఉంది. మనలో చాలామంది బళ్లో విన్నదే. తెల్లదొర ఆస్ట్రేలియా తీరంలో దిగి, గెంతుతున్న ఒక వింత జంతువును చూపించి “అదేమిటి?” అని అడిగాడట. అక్కడి మనిషి తన భాషలో “నాకు తెలియదు” అన్నాడట. ఆ ‘తెలియదు’నే దొర జంతువు పేరుగా రాసేసుకున్నాడట. ఆ మధ్య ఒక సభలో అనువాద సమస్యల గురించి మాట్లాడుతూ ఒక వక్త కూడా ఇదే చెప్పారు. సభ నవ్వింది.

కథ అబద్ధం. అబద్ధమనే సంగతి కంటే, అది ఎటు ఒరిగి ఉందనేది రచయితలు, సాహిత్య విద్యార్థులు పట్టించుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

జరిగింది ఇది. 1770 జూన్‌లో జేమ్స్ కుక్ ఓడ ‘ఎండీవర్’ ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో పగడపు దిబ్బకు గుద్దుకుంది. చిల్లుపడ్డ ఓడను ఒక నది ముఖద్వారానికి చేర్చి, ఇప్పటి కుక్‌టౌన్ ఉన్నచోట ఒడ్డుకు లాగి, దాదాపు ఏడు వారాలు మరమ్మతు చేసుకున్నారు. ఆ నేల గూగు యిమిథిర్ ప్రజలది. వాళ్లు చాలా రోజులు దూరంనుంచే గమనించి, జూలైలో దగ్గరికొచ్చారు. ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్, చిత్రకారుడు సిడ్నీ పార్కిన్సన్ వాళ్లనడిగి మాటల పట్టికలు రాసుకున్నారు. అందులో ఒక మాట ‘కంగురు’.

యాభై ఏళ్ల తర్వాత, 1820లో, ఫిలిప్ పార్కర్ కింగ్ అనే నావికుడు అదే నదికి వచ్చి అదే జంతువు పేరడిగితే వేరే మాట చెప్పారు. అంతే, కుక్ రాసుకున్నది తప్పని అనుమానం పుట్టింది. ఆ అనుమానంలోంచే ‘తెలియదు’ కథ బలిసింది. 1970లలో జాన్ హావిలండ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు హోప్‌వేల్‌లో గూగు యిమిథిర్ వాళ్లతో కలిసి ఉండి ఆ భాష నేర్చుకున్నాడు. ‘గంగురు’ అక్కడ నిక్షేపంగా ఉంది. అది కంగారూలన్నిటికీ పేరు కాదు, వాటిలో ఒకానొక పెద్ద జాతికి పేరు. ఒక్కో రకానికి ఒక్కో మాట ఉన్న భాష అది. కింగ్ విన్నది బహుశా ‘మిన్హ’. తినదగిన జంతువు, మాంసం అని అర్థం. చెప్పినవాళ్లు రెండుసార్లూ సరిగానే చెప్పారు. అడిగినవాడికే ఏమడుగుతున్నాడో స్పష్టత లేదు.

అసలు హాస్యం వేరే చోట ఉంది. 1788లో ఇంగ్లీషువాళ్లు ఖైదీలను తెచ్చి సిడ్నీ దగ్గర దింపారు. కుక్ పట్టికలోని ‘కంగారూ’ను అక్కడివాళ్ల మీద ప్రయోగించారు. సిడ్నీ ప్రజల భాష వేరు. రెండువేల కిలోమీటర్ల అవతలి మాట వాళ్లెందుకు ఎరుగుదురు? అది ఇంగ్లీషు మాట అనుకున్నారు. అప్పటి సైనికాధికారి వాట్‌కిన్ టెంచ్ రాసిన ప్రకారం, తెల్లవాళ్లు తెచ్చిన పశువులను చూసి అవి కంగారూలేనా అని వాళ్లే అడిగారు! ఆ ఖండంలో అప్పటికి రెండువందల యాభై దాకా భాషలున్నాయి. వచ్చినవాళ్లకు మాత్రం అందరూ ఒకే ‘నేటివ్’.

ఇంత చక్కటి ఉదంతం కాగితం మీద ఉండగా, లోకం మాత్రం ‘తెలియదు’ కథనే మోసింది. ఎందుకని? ఆ కథలో అజ్ఞానం ఆదివాసి నోట్లోంచి వస్తుంది కనుక. తన ఊళ్లో తిరిగే జంతువు పేరు తెలియనివాడికి తన నేల తనదని మాత్రం ఏం తెలుస్తుంది? నవ్వు కూడా ఒక్కొక్కప్పుడు పట్టా కాగితంలా పనిచేస్తుంది.

నేల సంగతికే వద్దాం. కుక్‌కు 1768లో నౌకాదళం రహస్య ఉత్తర్వులిచ్చింది. స్థానికుల సమ్మతితో అనువైన ప్రదేశాలను స్వాధీనం చేసుకోవచ్చు; మనుషులు లేని చోటైతే నేరుగా జెండా పాతవచ్చు. 1770 ఏప్రిల్ 29న అతను కామే అనే అఖాతంలో దిగబోయాడు. మనం బోటనీ బే అంటున్నది దానినే. గ్వియగల్ తెగవాళ్లు ఇద్దరు, ఇద్దరే, ఈటెలతో అడ్డం నిలిచారు. కుక్ తుపాకి పేల్చాడు. ఒకతనికి గుండ్ల రవ్వలు తగిలినా వెంటనే వెనక్కి తగ్గలేదు. ఇది ఎవరో ఆరోపించినది కాదు, కుక్ తన చేత్తో రాసుకున్నదే. ఆగస్టు 22న ఉత్తరపు కొసన ఒక చిన్న దీవి ఎక్కి, తూర్పు తీరం యావత్తూ రాజుగారిదని ప్రకటించాడు. సమ్మతి ఎవరినీ అడగలేదు. ఆ రోజుల పేజీల్లోనే, ఈ జనం మన యూరపువాళ్లకంటే సుఖంగా ఉన్నారని మెచ్చుకుంటూ రాశాడు. కుక్‌ను ఒట్టి రాక్షసుడిగా చిత్రిస్తే మన పని తేలికవుతుంది గాని, ఈ మెచ్చుకోలూ ఆ జెండా ఒకే కలం కింద ఎలా ఇమిడాయో అర్థం కాదు. సానుభూతి స్వాధీనానికి అడ్డు రాలేదు.

గ్వియగల్ వీరులను పడవలోంచి కళ్లారా చూసిన బ్యాంక్స్ 1779లో పార్లమెంటు కమిటీ ముందు ఏం చెప్పాడు? బోటనీ బే ఖైదీలకు అనువైన చోటని, అక్కడి జనం కొద్దిమందేనని, ప్రతిఘటన పెద్దగా ఉండదని. దినచర్య ఒకటి, సాక్ష్యం ఒకటి. ‘ఎవరిదీ కాని నేల’ అనే లాటిన్ పదబంధం కుక్ కాలంలో ఎవరూ ప్రయోగించలేదు, అది తర్వాతి అలంకారం. పని మాత్రం ముందే జరిగిపోయింది. అది చెల్లదని ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నది 1992 జూన్ 3న. మేర్ ద్వీపవాసి ఎడ్డీ మాబో పదేళ్లు పోరాడి, తీర్పు వినకుండానే ఆ ఏడాది జనవరిలో చనిపోయాడు.

విద్యార్థులకు మరొక్క సంగతి. 1773లో లండన్‌లో అచ్చయిన యాత్రా గ్రంథంలోని ‘నేను’ కుక్ కాదు. జాన్ హాక్స్‌వర్త్ అనే వృత్తి రచయిత కుక్, బ్యాంక్స్‌ల దినచర్యలను కలిపి ఒకే ‘నేను’గా కుట్టాడు. అందుకతనికి ఆరువేల పౌన్లు ముట్టాయి. పుస్తకం వచ్చేసరికి కుక్ మరో యాత్రలో సముద్రం మీదున్నాడు. అతని సొంత వాక్యాలు అచ్చుకావడానికి 19వ శతాబ్దం చివరిదాకా ఆగవలసివచ్చింది. ‘ప్రత్యక్ష సాక్షి కథనం’ అంటూ మనం గౌరవించే వాచకాల్లో ఎన్ని చేతులున్నాయో వెతకడం విమర్శకుడి మొదటి పని.

కుక్ రాసినదాన్నే గూగు యిమిథిర్ పెద్దల చెప్పుకోలు పక్కన పెట్టి చూడండి. జూలై 19న వాళ్లు ఓడ మీద తాబేళ్లను చూసి ఒకటి ఇమ్మన్నారు. ఇవ్వలేదు. కోపంతో వెళ్లి గడ్డికి నిప్పు పెట్టారు. కుక్ కాల్పులు జరిపాడు. ఒకతనికి దెబ్బ తగిలింది. దినచర్యలో ఇది అకారణమైన ఆగ్రహంలా కనిపిస్తుంది. పెద్దల ప్రకారం ఆ తాబేళ్లు తమ నీళ్లలోవి, అడగకుండా పట్టినవి, మోతాదు మించి పట్టినవి. పైగా అది రక్తం చిందరాదని కట్టుబాటున్న చోటు. కాసేపటికి ఒక ముసలాయన మొన విరిగిన ఈటె పట్టుకుని ముందుకొచ్చాడు, ఇక చాలునన్నట్టు. రాజీ కుదిరింది. కుక్ ఇదంతా రాశాడు గాని, ఆ విరిగిన ఈటె ఒక చట్టమని అతనికి అందలేదు.

కామేలో మొదటి రోజునే అతని మనుషులు ఖాళీ గుడిసెల దగ్గర నలభై, యాభై ఈటెలు ఎత్తుకుపోయారు. వాటిలో నాలుగు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీకి చేరాయి. 2024 ఏప్రిల్‌లో వాటిని గ్వియగల్ వారసులకు అప్పగించారు.