పాత బట్టల కూపన్లు: లాభమెవరికి?

పుంగనూరు: పాత చీరలు, ప్యాంట్లు మూటగట్టి ఇస్తే స్టీలు గిన్నె చేతికొచ్చే బేరం మన వీధులకు కొత్త కాదు. ఇదే బేరాన్ని పెద్ద రెడీమేడ్ కంపెనీలు మరో పేరుతో నడుపుతున్నాయి. గిన్నెకు బదులు కూపన్ ఇవ్వడమే తేడా.

స్వీడన్ కంపెనీ హెచ్ అండ్ ఎం 2013లో తన దుకాణాల్లో పాత బట్టల సేకరణ పెట్టెలు ఏర్పాటు చేసింది. ఏ కంపెనీ బట్టయినా, చిరిగినదైనా తీసుకుని తదుపరి కొనుగోలుపై తగ్గింపు కూపన్ ఇస్తుంది. మన దేశంలో బిగ్ బజార్ కూడా, మూతపడక మునుపు, పాత బట్టలను తూకం వేసి కూపన్లు ఇచ్చేది.

ఇలా చేరిన సరకును రకాలుగా విడదీస్తారు. కట్టుకోదగినవి సెకండ్ హ్యాండ్ మార్కెట్లకు, నూలు గుడ్డలు వర్క్‌షాపుల్లో యంత్రాలు తుడవడానికి పోతాయి. ఉన్ని బట్టలకు పానిపట్ పెద్ద కేంద్రం. అక్కడ గుండీలు, జిప్పులు తీసి, రంగుల వారీగా వేరుచేసి, చీల్చి షాడీ నూలు వడుకుతారు. రంగు ముందే ఉన్నందున అద్దకం ఖర్చు కలిసి వస్తుంది. ఆ నూలు దుప్పట్లకు వెళుతుంది. పాలిస్టర్ కలిసిన టెరికాటన్‌ను మాత్రం పోగుగా విడదీయడం కష్టం. అందుకే దానికి ధర తక్కువ. దుస్తుల్లో వాడే ముడిసరకులో తిరిగి దుస్తులుగా మారేది ఒక శాతం కన్నా తక్కువని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్కకట్టింది.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో పాత బట్టలను విడిగా సేకరించాలన్న నిబంధన 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. సరకు రాక పెరిగి, గిరాకీ అదే మోతాదులో పెరగకపోతే ధర దిగడం సహజం. పాత బట్టల టోకు వర్తకులు ఈ సంగతి గమనించవలసి ఉంది.

ఇటువంటి పథకం పెట్టదలచిన స్థానిక బట్టల వర్తకులు ముందు లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు 1,000 రూపాయల అమ్మకంపై మిగులు 300 అనుకుందాం. 15 శాతం కూపన్ ఇస్తే అందులో 150 పోతుంది. పాత మిగులు నిలవాలంటే అమ్మకం రెట్టింపు కావాలి. ఎలాగూ కొనబోయే ఖాతాదారుకే కూపన్ అందితే అది నికరంగా నష్టమే.

మరో విషయం. స్టీలు సామాన్ల వారు గడప దగ్గరే మంచీ చెడూ ఏరుకుంటారు. పనికిరానిది తిప్పి ఇచ్చేస్తారు. పెట్టె పెట్టిన దుకాణానికి ఆ వెసులుబాటు లేదు. చిరుగులూ, రవాణా ఖర్చూ దాని నెత్తినే పడతాయి. పైగా మంచి సరకు పెట్టెల్లోకి మళ్లితే వీధి వ్యాపారుల బతుకుతెరువుకు దెబ్బ తగులుతుంది. వారితోనే పొత్తు కుదుర్చుకుంటే ఇద్దరికీ గిట్టుబాటవుతుంది.

పట్టుచీరల బేరం వేరు. అసలు జరీలో వెండి ఉంటుంది గనుక దానికి విడిగా ధర పలుకుతుంది. నకిలీ జరీ కూడా చలామణిలో ఉన్నందున పరీక్షించకుండా ధర చెప్పరాదు.

ఏదేమైనా కూపన్లు అచ్చు వేయించే ముందు, మూటలు కొనే టోకు వర్తకుడితో ధర ఖాయం చేసుకోవడం మేలు.