పట్టాల కింద వరద

2021 నవంబరులో సోమశిల గేట్లెత్తినపుడు పెన్నా ఉగ్రరూపాన్ని మన చేజర్ల ప్రాంతంవారు మరువలేదు. ఆ నీరే దిగువన, నెల్లూరు చెంత పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసింది. కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. విజయవాడ–గూడూరు మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. కొన్ని దారి మళ్ళాయి.

2023 ఏప్రిల్ నుండి సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఆ కట్టమీదుగానే పరుగెడుతున్నది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు వేసినచోటనే నిలువదు. కుండపోత వానలో డ్రైవరు చూపు అంతదూరం ఆనదు. ఎంత కొత్త బండియైనా దాని బరువు మోసేది ఆ కంకరే కదా!

చెన్నై ఆసుపత్రికి రోగిని తీసుకుపోయేవారి ఆవేదన మాకు తెలియనిది కాదు. అయినా అర్ధరాత్రి వానలో కట్టవెంట గస్తీ తిరిగే కార్మికుడు ఎర్రదీపం చూపితే విసుగుకొనడం సబబని మేము తలచము. కాని మనవారు నెల్లూరు బస్సెక్కక ముందే రద్దు కబురు అందజేయడం రైల్వేవారి విధి; దానిని మాత్రం గట్టిగా అడుగవలసిందే.