ఎవరి పట్టా వాళ్ల చేత్తోనే

జపాన్‌లో బడి సంవత్సరం మార్చిలో ముగుస్తుంది. ఆరో తరగతితో ప్రాథమిక చదువు పూర్తవుతుంది కాబట్టి పిల్లల్ని పేరుపేరునా వేదిక మీదికి పిలిచి పట్టా చేతికిస్తారు. చేతి కాగితానికి పేరుపడ్డ కొన్ని ఊళ్లలో ఆ పట్టా కాగితాన్ని అందుకునే పిల్లలే తయారుచేసుకుంటారు.

కాగితం మడతల కళ అయిన ఒరిగామి వర్క్‌షాప్ అనగానే మనకు రంగు కాగితాల కట్ట, గంట తిరిగేసరికి తయారయ్యే కొంగ గుర్తొస్తాయి. అదీ మంచిదే. అయితే పిల్లలకు ఒక కళను పరిచయం చేయాలంటే దాని ముడిసరుకు దగ్గర మొదలుపెట్టాలని, పెద్దవాళ్లు వాడే పనిముట్టునే చేతికివ్వాలని గట్టిగా నమ్ముతాను. ఆ కాగితపు ఊళ్లలో జరిగేది అదే.

అక్కడి చేతి కాగితాన్ని వాషీ అంటారు. మల్బరీ కుటుంబానికి చెందిన కోజో మొక్క దానికి ఆధారం. చలికాలంలో కొమ్మలు నరికి, ఆవిరి మీద ఉడికించి, బెరడు ఒలుస్తారు. పైనున్న నల్ల పొర గీకేసి, లోపలి తెల్లటి నారను క్షారం కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. తర్వాత ఆ నారను చల్లటి నీళ్లలో పరిచి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, మిగిలిన బెరడు నలకల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. చిన్న వేళ్లకు తగిన పని ఇది. ఈరోజు వదిలేసిన నలక రేపు కాగితం మీద కనిపిస్తుంది.

ఏరిన నారను దంచి తొట్టెలో నీళ్లలో కలుపుతారు. అందులో తొరొరొ అవోయి అనే మొక్క వేళ్ల నుంచి తీసిన జిగురు పోస్తారు. ఆ మొక్క మన బెండకు దగ్గరి చుట్టం. బెండకాయలు తరిగిన వాళ్లకి ఆ జిగురు సంగతి చెప్పక్కర్లేదు. నార అడుక్కి దిగిపోకుండా, నీరు కాగితం ఎత్తే చాపలోంచి నెమ్మదిగా కారేలా చూసేది అదే. వేడికి ఆ జిగురు పలచబడిపోతుంది. కాగితం పని చలికాలంలో ఎక్కువగా జరగడానికి అదొక కారణం.

ఇక అసలు పని. చెక్క చట్రంలో బిగించిన సన్నటి వెదురు పుల్లల చాపను రెండు చేతులా పట్టుకుని తొట్టెలో ముంచి ఎత్తాలి. ముందుకీ వెనక్కీ ఊపాలి. ఊపు సరిగా లేకపోతే ఒక మూల మందం, ఇంకో మూల పలచన. పక్కన నిల్చున్న పెద్దాయన ఏమీ అనకపోయినా పిల్లకు తన తప్పు కళ్లముందే కనిపిస్తుంది. మళ్లీ ముంచుతుంది. తడి కాగితాల్ని మధ్యలో గుడ్డ కూడా వేయకుండా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నీరు పిండేశాక ఏ కాగితానికి ఆ కాగితం చిరగకుండా విడివడి వస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

షిమానే, గిఫు, సైతామా ప్రాంతాల్లోని మూడు రకాల వాషీ తయారీని 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఎచిజెన్, మినో లాంటి చోట్ల బయటినుంచి వచ్చిన పిల్లలూ తొట్టె ముందు నిలబడి ఒక కాగితం తీసుకుని వెళ్లొచ్చు.

మడత సంగతికొద్దాం. 1876లో టోక్యోలో ప్రభుత్వ కిండర్‌గార్టెన్ మొదలైనప్పుడు జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ పద్ధతిలో కాగితం మడవడం పాఠమైంది. అదే ఫ్రోబెల్ ఆలోచన మన మద్రాసుకూ చేరింది. దాని స్ఫూర్తితో టి. సుందరరావు అనే రెవెన్యూ అధికారి 1893లో కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకాన్ని ఇంగ్లిష్‌లో రాశారు. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించడంతో అది అమెరికాలోనూ అచ్చయింది. ఒరిగామిని కళ స్థాయికి తీసుకెళ్లిన అకిరా యొషిజావా (1911–2005) కూడా ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కుర్ర కార్మికులకు మడతలతోనే జ్యామితి బోధించారు.

వర్క్‌షాప్ నడిపేవాళ్లు పిల్లల బదులు మూలలు సరిచేయడం, ముందే కత్తిరించిన ముక్కలు పంచడం చూస్తే బాధేస్తుంది. వంకరగా వచ్చిన కొంగను విప్పి మళ్లీ మడిచే వ్యవధి పిల్లలకు దక్కాలి. అమ్మానాన్నలు ఫొటో కోసం తొందరపెట్టకుండా ఉంటే ఇంకా మేలు.

ఈ ఆదివారం ఇంట్లో ఒకటి చేయించండి. చదరపు కాగితం తీసుకుని పై అంచు మధ్యలో గుర్తు పెట్టించండి. కింది కుడి మూలను ఆ గుర్తు మీదికి తెచ్చి మడవమనండి. కింది అంచు ఇప్పుడు ఎడమ అంచును దాటే చోట చుక్క పెట్టించి, స్కేలుతో కొలవమనండి. ఎడమ అంచు సరిగ్గా పైన రెండు వంతులు, కింద ఒక వంతుగా తెగుతుంది. దీన్ని కనిపెట్టిన కజువో హగా జీవశాస్త్ర ప్రొఫెసర్. అలా ఎందుకైందో పిల్లలకు వెంటనే చెప్పేయకండి.