కళాయి పూతలో వేడి పాత్ర ఎంత?
ఇత్తడి గిన్నెకు కళాయి వేసేటప్పుడు తగరం పలచగా పాకడానికి కారణం వేడేనని చాలామంది అనుకుంటారు. వేడి కావాల్సిందే, తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కానీ మాసిన లోహం మీద అదే తగరం తామరాకు మీది నీటిబొట్టులా ముద్దకట్టి జారిపోతుంది. అడ్డుపడేది గాలిలోని ఆక్సిజన్ వల్ల ఏర్పడిన సన్నని ఆక్సైడ్ పొర. నవాసాగరం చల్లితే అది వేడికి విడిపోయి, వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆ పొరను తినేస్తుంది. అప్పుడు తగరం నేరుగా లోహంలోని రాగిని తాకి, దానితో కలిసి కొత్త సమ్మేళనంగా మారుతుంది. ఆ ఆకర్షణ ముందు ద్రవాన్ని బొట్టుగా బిగించే తలతన్యత ఓడిపోతుంది. మరి మంట ఇంకాస్త పెంచితే సరిపోదా అంటారా? పెంచినకొద్దీ ఆక్సైడ్ త్వరత్వరగా పేరుకుంటుంది. అల్యూమినియం మరీ మొండిది: గీకి శుభ్రం చేసినా క్షణాల్లో మళ్లీ పొర కడుతుంది. అందుకే మామూలు టంకం దానికి అంటదు.