బచేలిలో ఒక సెలవు రోజు: ఎర్రరాయి, చీకటి గుహ, చూపు తగ్గిన చేప

బచేలిలో ఉతికి ఆరేసిన తెల్లచొక్కా ఎన్నాళ్లో తెల్లగా ఉండదు. చెట్ల ఆకుల మీద, కిటికీ ఊచల మీద, పిల్లల బూట్ల అడుగున సన్నటి ఎర్రదుమ్ము కనిపిస్తూనే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలదిలా కొండల పాదాన ఉన్న ఈ గనుల ఊళ్లో తెలుగు మాటలు కొత్తేమీ కాదు. ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఖనిజాన్ని మోసే రైలు మార్గం తూర్పు కనుమలు దాటి విశాఖ వైపు వెళ్తుంది. సెలవు దొరికితే అదే దారిలో రైలెక్కి సొంతూరు చేరాలనిపించడం సహజం. కానీ ఒక్కరోజు సెలవుకు అంత దూరం కుదరదు. ఆ ఒక్కరోజు ఏం చూడాలి, ఎలా చూడాలి అన్నదే ఈ వ్యాసం.

గని కార్మికుడికి వారంలో ఒకరోజు విశ్రాంతి చట్టం ఇచ్చిన హక్కు. గనిలో ఎవరి చేతా వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదు. ఆ రోజున ఒళ్లు వాల్చి పడుకోవడం ఒక్కటే విశ్రాంతి కాదని పని ఒత్తిడి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు సబీనె జోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో అలసట తీరే తీరును నాలుగు రకాల అనుభవాలుగా విడదీశారు. పని గురించిన ఆలోచన నుంచి బయటపడటం, తీరికగా ఉండటం, కొత్త విషయం నేర్చుకోవడం, సమయం మన చేతిలో ఉందనిపించడం. కొత్త చోటికి వెళ్లి ఏదైనా తెలుసుకుంటే ఈ నాలుగూ కొంత కొంత దొరుకుతాయి. చేతిలో ఫోన్ మోగకుండా ఉంటేనే లెండి.

ఆ కొత్త చోటు కోసం బచేలివాళ్లు బస్సు ఎక్కనక్కర్లేదు. ఎద్దు మూపురంలా కనిపించే ఈ కొండలకు బైలదిలా అన్న పేరు వచ్చింది ఆ ఆకారం వల్లే. వీటిలోని రాళ్లు 200 కోట్ల ఏళ్లకు పైబడినవి. అప్పటి సముద్రాల్లో ఇనుము నీటిలో కరిగి ఉండేది. గాలిలో ఆక్సిజన్ లేదనే చెప్పాలి. కిరణజన్య సంయోగక్రియ నేర్చిన సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాక ఆ ఇనుము దానితో కలిసి, కరగని ఆక్సైడ్‌గా మారి అడుగుకు చేరింది. ఇనుము ఒక పొర, సిలికా ఒక పొర, ఇలా చారలు చారలుగా పేరుకున్న రాయిని చారల ఇనుప శిల అంటారు. తర్వాత కోట్ల ఏళ్లపాటు ఇంకిన నీరు చాలాచోట్ల సిలికాను కడిగేయగా మిగిలిందే హెమటైట్. స్వచ్ఛమైన హెమటైట్ బరువులో దాదాపు 70 శాతం ఇనుమే. బైలదిలా ఖనిజం ఆ అంకెకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టే 1960లలో జపాన్ ఉక్కు కర్మాగారాలు దీనికోసం అంత దూరం నుంచి వచ్చాయి.

పిల్లలతో చేయదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. దారి పక్కన దొరికిన రాయిని, నునుపు చేయని టైలు వెనకవైపు గీయండి. రాయి పైకి నల్లగానో, ఉక్కు రంగులో మెరుస్తూనో ఉన్నా గీత ఎర్రటి గోధుమరంగులో పడితే అది హెమటైటే అనుకోవచ్చు. అయస్కాంతం తగిలించి చూడండి. హెమటైట్ దాదాపు అంటుకోదు. గట్టిగా అంటుకుంటే అందులో మాగ్నెటైట్ కూడా ఉన్నట్టు. చొక్కా మీది దుమ్ముదీ, శంఖినీ నది నీళ్లదీ ఆ గీత రంగే. సన్నటి ఖనిజపు పొడి కలిసి ఆ నది ఎర్రబారడం ఎన్నో ఏళ్లుగా ఇక్కడ చర్చలో ఉన్న సమస్య. దంతెవాడలో దంతేశ్వరి గుడికి వెళ్లినప్పుడు శంఖినీ, డంకినీ నదులు కలిసేచోట కాసేపు నిలబడి రెండు నీళ్ల రంగులూ పోల్చి చూడండి.

జగదల్‌పూర్‌లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ మ్యూజియం ఉంది. 1972లో మొదలైంది. మరియా, మురియా, ధుర్వా, దోర్లా తదితర సమాజాల పనిముట్లు, నగలు, వాయిద్యాలు అక్కడ కనిపిస్తాయి. దోర్లాల భాషలో తెలుగు పోలికలు వినిపిస్తాయి కాబట్టి మనవాళ్లకు అక్కడ కాస్త చుట్టరికం తోస్తుంది. ఒక్క గంటలో అన్నీ చూసేయాలని పరుగెత్తకండి. మ్యూజియంలో కాళ్లూ కళ్లూ త్వరగా అలసిపోతాయని బోస్టన్ మ్యూజియానికి చెందిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే ఫొటోలతో సహా చూపించాడు. సందర్శకుడు వంగీ, మెడ సాచీ చూడాల్సి రావడమే ఇందుకు ప్రధాన కారణమన్నాడు. నాలుగు వస్తువులు ఎంచుకుని వాటినే బాగా చూడటం మేలు. బస్తర్ పోతబొమ్మ ఎదుట ఆగితే దాని తయారీని ఊహించుకోండి. మట్టి ముద్ద మీద తేనెమైనం తీగలు చుట్టి బొమ్మ చేస్తారు. పైన మళ్లీ మట్టి పూత వేస్తారు. కాల్చితే మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చును పగలగొట్టాలి, అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మొహెంజొదారో నర్తకి బొమ్మనూ ఈ పద్ధతిలోనే పోశారు. ఒక్క మాట, ప్రభుత్వ మ్యూజియాలకూ సెలవులుంటాయి. సాలార్‌జంగ్ శుక్రవారం మూసి ఉంటుందని తెలియక తలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో ఎందరో. ముందే కనుక్కుని బయల్దేరండి.

ఇక కోటుమ్‌సర్ గుహ. జగదల్‌పూర్‌కు దక్షిణాన, 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉంది. 1950 దశకంలో భూగోళ శాస్త్రవేత్త శంకర్ తివారీ పరిశీలించాక బయటి ప్రపంచానికి బాగా తెలిసింది. బొర్రా గుహల్లా విశాలమైన ముఖద్వారం దీనికి లేదు. ఇరుకైన సందులోంచి ఒంగి దిగాలి. లోపల పగటి వెలుగు రాదు, దీపం పట్టుకున్న స్థానిక గైడు వెంటే నడవాలి. ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 28 డిగ్రీల చుట్టుపక్కలే.

పైనుంచి వేలాడే స్టాలక్టైట్లు, కింద నుంచి లేచే స్టాలగ్మైట్లు ఎలా ఏర్పడతాయో తెలియాలంటే మన వంటింట్లోకి రావాలి. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అది కూడా ఈ చర్య వల్లే. వాననీరు నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ గుహ కప్పు దాకా దిగుతుంది. గుహ గాలి తగలగానే చుక్కలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అది పోయాక నీరు అంత సున్నాన్ని పట్టుకోలేదు, కాల్సైట్‌గా వదిలేస్తుంది. గిన్నెలో మంట చేసే పనిని గుహలో గాలి చేస్తుందన్నమాట. కాకపోతే గిన్నెలో కొన్ని రోజుల్లో కట్టే పొర ఇక్కడ చాలా నెమ్మది. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు అనుకుంటే, జానెడు కంటే పొట్టిదైన పది సెంటీమీటర్ల స్తంభానికి వెయ్యేళ్లు.

మన సెలవు గుహకు భారమయ్యేది ఇక్కడే. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. మనం వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం, అంటే వంద రెట్లు. ఊరికే కూర్చున్న మనిషి కూడా గంటకు 15 నుంచి 20 లీటర్ల దాకా వదులుతాడు. ముప్పై మంది గంటసేపు లోపలుంటే సుమారు 500 లీటర్లు. ద్వారం ఇరుకు కాబట్టి అది త్వరగా బయటికి పోదు. గుహ గాలిలో ఈ వాయువు పెరిగితే చుక్కలోంచి బయటికి పోవాల్సింది పోదు, స్తంభం పెరుగుదల మందగిస్తుంది. పైగా ఊపిరిలోని తేమ గోడ మీద చెమటలా పట్టి, అదే వాయువును కరిగించుకుని, పుల్లబడి, ఉన్న కాల్సైట్‌ను తినడం మొదలుపెడుతుంది. ముట్టుకుంటే మరో చిక్కు. చేతి జిడ్డు అంటినచోట నీటి పొర సరిగా పరుచుకోదు, ఆ చోట పెరుగుదల ఆగి మరక మిగులుతుంది.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో ఇదంతా పెద్ద ఎత్తున జరిగింది. 1940లో బయటపడిన ఆ గుహలోని ఆదిమానవుల వర్ణచిత్రాలు చూడటానికి జనం విరగబడ్డారు. ఊపిరి, వేడి, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చటి నాచు పట్టించాయి. 1963లో గుహను సందర్శకులకు మూసేశారు. 1983 నుంచి జనం చూస్తున్నది దగ్గర్లో కట్టిన నకలును. దీపాలున్న గుహలన్నిటికీ ఈ నాచు బెడద ఉంది. గుహ అందం చూపిస్తున్నామని రంగురంగుల బల్బులు పెట్టడం నాకెప్పుడూ నచ్చదు. వెలుగు లేనిచోట మొక్క బతకదన్నది ప్రకృతి నియమం, దాన్ని మీట నొక్కి మార్చేస్తున్నాం.

కోటుమ్‌సర్ నీటి మడుగుల్లో ఒక చిన్న చేప ఉంది. గైడ్లు గుడ్డి చేప అంటారు. శాస్త్రీయ నామం ఇండోరియోనెక్టెస్ ఎవెజార్డి. ఇదే జాతి చేప దేశంలో బయటి వాగుల్లోనూ ఉంది, దానికి కళ్లూ రంగూ మామూలుగానే ఉంటాయి. గుహలోని వాటికి రంగు పాలిపోయింది, కళ్లు చిన్నవయ్యాయి, అదీ ఒక్కో చేపలో ఒక్కో మేరకు. చీకట్లో కన్నుతో పని లేదు, కానీ కంటినీ, చూపుకు సంబంధించిన మెదడు భాగాన్నీ పోషించడానికి శక్తి ఖర్చవుతుంది. తిండి కరువైన చోట ఆ ఖర్చు తగ్గించుకున్నదే నిలుస్తుంది. చూపు దెబ్బతిన్న చేపను వేటాడి ఏరిపారేసే శత్రువులు కూడా లోపల అంతగా ఉండవు కాబట్టి ఆ లోపం తరాలకు కొనసాగుతుంది. పూర్తిగా గుడ్డిదైన జాతి కంటే ఇలా దారి మధ్యలో ఉన్న జాతే జీవపరిణామం చదివేవాళ్లకు ఎక్కువ విలువైనది. మడుగులో చెయ్యి పెట్టకండి, బిస్కెట్ ముక్కలు వేయకండి.

చిత్రకోట్, తీర్థగఢ్ జలపాతాల గురించీ, ఢోల్‌కల్ కొండ మీది గణపతి గురించీ చెప్పలేదేమని అడగవచ్చు. అవి ఎలాగూ చూస్తారు. చిత్రకోట్ వానాకాలంలో చూడాలి, ఇంద్రావతి 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. అదే కాలంలో కోటుమ్‌సర్ మూసి ఉంటుంది. తొలి వానలకు వాగు పొంగి లోపలికి నీరు చేరుతుంది, గేటుకు తాళం పడుతుంది. గబ్బిలాల రెట్ట తప్ప వేరే ఆహారం పెద్దగా లేని ఆ చీకట్లోకి కుళ్లిన ఆకులు, పుల్లలు, పురుగులు కొట్టుకొచ్చేది ఆ వరదలోనే. కొన్ని నెలలు దీపాలుండవు, మన ఊపిరి ఉండదు. చేపలు ఏడాదికి సరిపడా తిండి వెతుక్కుంటాయి.