గుండె లయ తప్పితే నిమిషాల్లోనే ప్రాణాపాయం.. హార్ట్ ఎటాక్‌కి, దీనికి తేడా తెలుసా?

2021 జూన్ 12. కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ మధ్య యూరో కప్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఎవరూ ఢీకొట్టకుండానే డెన్మార్క్ స్టార్ క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలిపోయాడు. వయసు 29 ఏళ్లే! వెంటనే సీపీఆర్ చేశారు.. డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇచ్చారు. గుండె మళ్లీ కొట్టుకుంది.

ఇది హార్ట్ ఎటాకా? కాదు.. కార్డియాక్ అరెస్ట్. గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతే హార్ట్ ఎటాక్. గుండె పంపింగే ఆగిపోతే కార్డియాక్ అరెస్ట్. హార్ట్ ఎటాక్ ముదిరి అరెస్ట్‌కి దారితీయొచ్చు కూడా.

అసలేం జరుగుతుంది?
గుండె కుడి పై గదిలో పుట్టే సన్నని కరెంటే గుండెను నడిపిస్తుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. కింది గదుల్లో ఈ కరెంటు అదుపు తప్పితే గుండె కొట్టుకోదు, ఊరికే వణుకుతుంది. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. సెకన్లలోనే స్పృహ పోతుంది. సీపీఆర్ అందకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

పై గదుల్లో లయ తప్పితే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అప్పటికప్పుడు ప్రాణం తీయకపోయినా, రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పుంది.

చికిత్స ఏంటి?
సమస్యను బట్టి మందులు, తప్పుడు కరెంటు పుట్టే చోటును కాల్చేసే అబ్లేషన్ ఉన్నాయి. గుండె మరీ నెమ్మదిస్తే పేస్‌మేకర్ పెడతారు. ప్రాణాంతక లయ వచ్చే ముప్పుంటే ఐసీడీ అమరుస్తారు. లయ తప్పగానే ఇది లోపలి నుంచే షాక్ ఇస్తుంది. ఎరిక్సన్‌కీ ఇదే అమర్చారు. అదే ఎరిక్సన్ 2024 యూరో కప్‌లో స్లొవేనియాపై గోల్ కొట్టాడు!

ఇవి కనిపిస్తే..
పరిగెత్తేటప్పుడు, ఆడేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయారా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారా? అయితే ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్ట్‌ను కలవండి. ఈసీజీ, ఎకో, అవసరమైతే హోల్టర్ పరీక్ష చేస్తారు.

మీ ముందే ఎవరైనా కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే.. నీళ్లు తాగించొద్దు. 108కి ఫోన్ చేయండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆ మనిషి గుండె మీ చేతుల్లోనే ఉంటుంది.