'సొల్యూషన్ లేదు' అని నేను తొందరపడి చెప్పిన లెక్క

మొన్న సోమల పోయినప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒక లెక్క చూపించాడు. ఒక సంఖ్య వర్గంలోంచి ఇంకో సంఖ్య వర్గానికి 61 రెట్లు తీసేస్తే 1 మిగలాలి. రెండోది సున్నా కాకూడదు.

పైథాన్‌లో లూప్ రాసి, రెండో సంఖ్యని కోటి దాకా తిప్పా. ఏమీ రాలేదు. "లేదు రా" అనేశా. వాడు నోట్‌బుక్‌లో అట్లే రాసుకున్నాడు.

తప్పు. మొట్టమొదటి జవాబు 1,76,63,19,049, 22,61,53,980. లాప్‌టాప్ లేకుండానే 1150లో భాస్కరాచార్యులు బీజగణితంలో దీన్ని సాధించాడు! ఎలా?

61 బదులు 2 తీసుకుందాం. 3, 2 సరిపోతాయి: 9 − 8 = 1. ఇప్పుడు ఈ జతని దాంతోనే 'గుణిద్దాం'. మొదటివాటి లబ్ధం 9, రెండోవాటి లబ్ధానికి 2 రెట్లు 8, కలిపితే 17. అడ్డంగా గుణించి కలిపితే 6 + 6 = 12. చూడండి, 289 − 288 = 1. ఇంకో జవాబు! ఈ గుణకారం 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. సమీకరణం జవాబులనే ఇట్లా గుణించుకోగలిగితే, వెనక్కి కూడా రాగలిగితే, దాన్ని ఆల్జిబ్రాయిక్ గ్రూప్ అంటారు. అన్నిటికన్నా చిన్న జవాబు దొరికితే మిగతావన్నీ దాన్నుంచే పుడతాయి. వర్గం కాని ఏ సంఖ్యకైనా ఆ మొదటి జవాబు కచ్చితంగా ఉంటుందని 1768లో లగ్రాంజ్ నిరూపించాడు. అంటే నా లూప్ ఆగి తీరేది, నేనే ముందు ఆపేశా.

మరి అన్ని సమీకరణాలకీ ఇట్లా 'ఉంది, లేదు' తేల్చే ప్రోగ్రామ్ ఉందా? 1900లో హిల్బర్ట్ అడిగాడు. పూర్ణ సంఖ్యల్లో అలాంటి ప్రోగ్రామ్ అసాధ్యమని 1970లో మతియసేవిచ్ తేల్చాడు. డేవిస్, పట్నమ్, జూలియా రాబిన్సన్ అప్పటికే చాలా దూరం లాక్కొచ్చారు.

కానీ గ్రూపులుంటే కథ వేరు. ఇచ్చిన రెండు బిందువుల్లో ఒకదాన్ని రెండోదానికి చేర్చే పూర్ణ సంఖ్యల మాత్రిక గ్రూపులో ఉందా అనేది తేల్చే పద్ధతిని 1980లో గ్రూనెవాల్డ్, సీగల్ ఇచ్చారు. ఇలాంటి గ్రూపుల మీద 1972లో వచ్చిన పేరున్న పుస్తకం రాసింది ఎవరనుకున్నారు? మన అనంతపురంలో పుట్టిన ఎం.ఎస్. రఘునాథన్.

మూడు ఘనాలు కలిపి 42 రావాలంటే మాత్రం అలాంటి గుణకారం లేదు. వెతుక్కోవడమే. దొరికింది 2019లో.

"114కి ఉందా అన్నా?" అన్నాడు మావాడు. ఈసారి నోరు మూసుకున్నా.